కడిగేసిన ముఖం

లూకాంగ్
1988 ఏప్రిల్ 11

ఒరేయ్ బున్‌తెక్,

అక్క ఆశీస్సులు. ఈ కాలంలో ఉత్తరాలేమిటి, ఫోన్ చెయ్యొచ్చు కదా అని పోయినసారి దెప్పావు. ఫోన్ మోగితే చాలు, వదిన చేతిలో ఉన్నది ఉన్నట్టు వదిలేసి పరుగెత్తుతోందిరా. మొన్న వేడి గంజి గిన్నె వదిలేసింది, పాదం బొబ్బలెక్కింది. తీరా చూస్తే ఫోన్ చేసింది లక్క అమ్మేవాడు. అందుకే దాన్ని షాపు వెనక్కి మార్పించి, మీద దుప్పటి కప్పాను. నువ్వు మాత్రం రాయి. పోస్టుమాన్‌ని చూసి వదిన కంగారు పడదు. అన్నయ్య జన్మలో ఉత్తరం రాసిన మనిషి కాదు గదా.

అన్నయ్య పడవ వూచీ రేవు దాటి వెళ్ళి తిరిగి రాక చలికాలమంతా గడిచిపోయింది. ఆ పడవలో వెళ్ళిన మిగతావాళ్ళ ఇళ్ళల్లో ఒడ్డుకు వెళ్ళి ఆత్మను పిలిపించుకున్నారు. పోయినవాడి చొక్కా గాలిలో ఊపుతూ, పేరు పెట్టి పిలిచి, ఇంటికి తెచ్చుకుని పూర్వీకుల పక్కన కూర్చోబెట్టుకున్నారు. వదిన మాత్రం చేయించనంటోంది. ఆవిడ లెక్క ఆవిడకుంది. "పడవ మునిగితే మనిషి మునుగుతాడు సియోక్, చెక్క మునగదు. మామయ్యగారు చెక్కిచ్చిన సముద్రదేవత మాజు తల్లి ఉంది కదా పడవలో. పడవే పోతే ఆవిడ తేలుతూ ఏదో ఒడ్డుకి చేరేది. సముద్రం మీంచి తల్లి వచ్చిందంటే ఊరు ఊరంతా చెప్పుకునేవాళ్ళు. ఎవరూ చెప్పలేదు. అంటే పడవ ఉన్నట్టే." ఇదీ లెక్క. రోజూ అన్నయ్య గిన్నె, తినే పుల్లలు బల్ల మీద పెడుతుంది; వీలైనప్పుడల్లా ఆయనకిష్టమైన ఆలిచిప్పల చారు కాస్తుంది.

ఆ లెక్కలో తప్పెక్కడుందో నాకు కనిపించలేదు. అందుకే నోరు మూసుకున్నాను. కానీ నిజంగా పోయి ఉంటే, పిలిచేవాళ్ళు లేక అన్నయ్య ఆ నీళ్ళ మీదే తిరుగుతూ ఉంటాడు గదా. నన్ను తినేస్తున్నది అదొక్కటే.

మన దేవుడి బొమ్మల షాపు సంగతి అడగకు. జనానికి లాటరీ పిచ్చి ముదిరింది. నంబరు చెప్పమని దేవుళ్ళ కాళ్ళు పట్టుకోవడం, నంబరు తప్పితే ఆ దేవుడి ముక్కో చెయ్యో కోసి వాగులో పారేయడం. మన వీధి చివరి టైలరు చేసిన పని అదే. నాన్న బతికుంటే వాడి కత్తెర లాక్కునేవాడు. నువ్వు ఆ పారేసిన దేవుళ్ళనే ఏరుకుని ఏదో చేస్తున్నావట. ముఖాలకు రంగులు వేసి బతికే అక్క ఇక్కడ, ముఖాలు చెరిపి పేరు తెచ్చుకునే తమ్ముడు అక్కడ. నాన్న మనల్ని బాగానే పెంచాడు.

వేళకు తిను. ఆ నూడుల్స్ పొట్లాలు మాను.

నీ అక్క,
సియోక్‌కిమ్


తైపే
1988 ఏప్రిల్ 26

అక్కా,

ఫోన్ సంగతి నాకు తెలియదు, ఇంక అనను. వదిన కాలు ఎలా ఉంది?

నువ్వు వెక్కిరించినా సరే, నా పని గురించి చెప్పే తీరుతాను. మియావోలీ తీరంలో ఒక చిన్న గుడి ఉంది. ఒడ్డుకు కొట్టుకొచ్చినవీ, వాగుల్లో దొరికినవీ, జనం పారేసిన దేవుళ్ళందరినీ అక్కడ చేరుస్తారు. పూజారి పాపం చోటు లేక గోడ బయట కూడా పేర్చాడు. అక్కడి నుంచే తెచ్చుకున్నాను. ఊరికే ఎత్తుకు రాలేదు, ఆయన పద్ధతిగా ఒక్కొక్కరి ముందు నెలవంక చెక్కలు వేసి, "వెళ్ళిపోతారా తల్లీ" అని అడిగి, ఒకటి బోర్లా ఒకటి వెల్లకిలా పడ్డాకే నాకిచ్చాడు. అంటే దేవుడు వెళ్ళిపోయాడు, మిగిలింది కర్ర.

ఆ కర్రను ఆసుపత్రి ఎక్స్‌రే ఫిలిములతో, పాడైన టీవీ పెట్టెలతో, చిత్తయిన లాటరీ టికెట్లతో కలిపి నిలబెడుతున్నాను. కొన్నింటిని గాజులా గట్టిపడే రెజిన్‌లో ముంచుతున్నాను. ముందుగా అందరి ముఖాలూ మందు వేసి కడిగేస్తాను. మసి, రంగు, బంగారు రేకు అంతా పోయి కిందున్న ఉత్త చెక్క బయటపడాలి. మనం మొక్కింది దేనికో అప్పుడు కనిపిస్తుంది. వీపులు కూడా తెరుస్తున్నాను. లోపల దాచినవి చిన్న సీసాల్లో పెడతాను: అయిదు రంగుల దారాలు, గింజలు, ప్రాణం పొయ్యడానికి పెట్టిన కందిరీగ.

నవ్వొచ్చే సంగతి ఒకటి విను. ఒక మాజు తల్లి వీపులో కందిరీగకు బదులు కీచురాయి ఉంది! ఎవడో బద్ధకస్తుడైన శిల్పి అయ్యుంటాడు. నాన్న చూసి ఉంటే వాడి చెవి మెలేసేవాడు. కానీ ఆవిడ తల మాత్రం ఎంత బాగుందో. ప్రదర్శన మధ్యలో ఆవిడే ఉంటుంది.

సెప్టెంబరులో తెరుస్తారు. నువ్వూ వదినా రావాలి. వదినకు కాస్త మార్పుగా ఉంటుంది.

నీ తమ్ముడు,
బున్‌తెక్


లూకాంగ్
1988 మే 9

బున్‌తెక్,

ఉత్తరం అందింది. నిన్న మాజు తల్లి పుట్టినరోజు. వదిన ఊరేగింపులో తల్లి పల్లకీ కింద మొక్కుగా పాకి వచ్చింది, మోకాళ్ళు గీరుకుపోయాయి. ముఖం మాత్రం తేటగా ఉంది.

నాకు కొన్ని సంగతులు కావాలి. ఆ కీచురాయి ఉన్న తల్లి వీపు రంధ్రం దేనితో మూసి ఉంది? మామూలు చెక్క బిరడాయేనా, మీద మైనం కూడా ఉందా? దారాలు ఎలా ముడేశారు? పీట ఎలా ఉంది? తొందరగా రాయి. పెద్ద విషయమేమీ కాదు, పనికోసం అడుగుతున్నాను.

అక్క


తైపే
1988 మే 20

అక్కా,

ఇన్నాళ్ళకు నా పని గురించి ఒక్క మంచి ప్రశ్న అడిగావు. ఒకటేమిటి, నాలుగు అడిగావు. చదివి ఎంత సంతోషపడ్డానో. ఆ శిల్పి ఎవడో పట్టుకుని తిట్టడానికే అడుగుతున్నావని తెలుసు, అయినా సంతోషమే.

బిరడా మీద మైనం దిట్టంగా పోసి ఉంది, గోరు కూడా దిగలేదు. దారాలు జడలా అల్లి, చివర రెండు ముళ్ళు వేశారు. చాలా ఓపికైన చెయ్యి. పీట అడుగు ఉప్పుకు తినేసినట్టు గరుకుగా ఉంది. నడుము చుట్టూ ఇనుప తీగ బిగించి ఉంది, తుప్పు పట్టి చెక్కలోకి దిగిపోయింది. ఏ లాటరీ జూదగాడో ఆవిడను కట్టేసి మరీ శిక్షించాడన్నమాట! కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. ఆ తీగనూ ఆ చేతినీ చూసినప్పుడే ఈ తల్లి నా పనికి ప్రాణమని తెలిసింది. మనుషులు తమ దేవుళ్ళకు చేసిందంతా ఆ ఒక్క బొమ్మ మీదే ఉంది.

మొండాన్ని నిలువునా రెండుగా కోశాను. తల రెజిన్‌లో ఉంది, నీళ్ళలో తేలుతున్నట్టు కనిపిస్తుంది. ఒక పత్రికవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకున్నారు. ఆ పత్రిక నీకు పంపిస్తాను.

వదిన మోకాళ్ళకు ఏదైనా మందు రాయి.

బున్‌తెక్


లూకాంగ్
1988 జూన్ 2

బున్‌తెక్,

ఆ తల్లిని నాకు పంపించు. తల, రెండు ముక్కలు, తీగ, సీసా, అన్నీ. కారణం అడగకు. పత్రిక మాత్రం ఇంటికి పంపకు.

అక్క


తైపే
1988 జూన్ 13

అక్కా,

పంపను.

నీ ఉత్తరం చదివి రెండు రోజులు ఊరుకున్నాను, కోపం తగ్గాక రాద్దామని. తగ్గలేదు. చిన్నప్పటి నుంచీ ఇంతే. నేను బొమ్మ గీస్తే నాన్న దాన్ని తిప్పి వెనక ఉలి పదును చూసుకునేవాడు. నువ్వు నవ్వేదానివి. అన్నయ్య ఒక్కడే గోడకు అంటించాడు. నా పని మీ ఇద్దరికీ ఎప్పుడూ అపచారమే. మే నెలలో నువ్వు అడిగిన ప్రశ్నలు చూసి మారావనుకున్నాను. తప్పు దొరకబుచ్చుకోవడానికి ఆరా తీశావని ఇప్పుడు తెలిసింది.

దేవుడు వెళ్ళిపోయిన కర్ర కోసం ఇంత తాపత్రయం దేనికి? ఇంట్లో వదిన చనిపోయిన మనిషికి రోజూ గిన్నె పెడుతుంటే చూస్తూ కూర్చున్నావు. ధైర్యం చేసి చెప్పాల్సింది ఆవిడకు. పడవ పోయిందని అందరికీ తెలుసు, ఒడ్డుకు తీసుకెళ్ళి అన్నయ్యను పిలిపించు. అది చేతకాక నా మీద పడ్డావు. అన్నయ్య అక్కడ తిరుగుతున్నాడంటే దానికి సగం బాధ్యత నీది.

ఇంత మాట రాస్తాననుకోలేదు. రాశాను, చింపను.

బున్‌తెక్


లూకాంగ్
1988 జూన్ 21

తమ్ముడూ,

చెప్పకుండా నెగ్గుకొద్దామనుకున్నాను. నువ్వు నెగ్గనియ్యలేదు. కూర్చుని చదువు.

అన్నయ్య పడవ కొన్న ఏడు నువ్వు తైపేలో చదువుతున్నావు. పడవలోకి తల్లి కావాలన్నాడు. నాన్నకు అప్పటికే చేతులు వణుకుతున్నాయి, అయినా ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తనే చెక్కాడు. అది నడి చలికాలం. వీపులో పెట్టడానికి కందిరీగ ఎక్కడ దొరుకుతుంది? అందరం ఇల్లంతా వెతికాం. చివరికి బియ్యం డబ్బా వెనక కీచురాయి దొరికింది. పట్టుకున్నది అన్నయ్యే. "ఇది కుట్టదు నాన్నా, రాత్రంతా పాడుతుంది, నాకు పడవలో తోడుంటుంది" అన్నాడు. నాన్న నవ్వుకుని దాన్నే లోపల పెట్టాడు. నీళ్ళు దిగకుండా మైనం పోశాడు. దారాలు అల్లింది నేను. చివర రెండు ముళ్ళు వేసిందీ నేనే, ఒక్కటి చాలదేమోనని.

తీగ కట్టింది ఏ జూదగాడూ కాదు. అలల్లో తల్లి పడిపోకుండా అన్నయ్యే నడుముకు తీగ వేసి, చుక్కాని గది గోడకు బిగించాడు. ఆ గోడ పగిలితే తప్ప తీగతో సహా ఊడదు. చెయ్యి ఎవరూ కొయ్యలేదు, విరిగింది.

వదిన లెక్క సరిగ్గానే ఉందిరా. పడవ మునిగింది, చెక్క తేలింది, ఒడ్డుకు చేరింది. మామూలు రోజుల్లో అయితే ఊరంతా మేళతాళాలతో ఎదురెళ్ళేది. ఈ ఏడు ఒడ్డంతా పారేసిన దేవుళ్ళే. చెయ్యి విరిగిన ఆవిడను చూసి ఇదీ లాటరీ పోయినవాడిదే అనుకున్నారు. పూజారి అనుకున్నాడు, నువ్వూ అనుకున్నావు. నెలవంక చెక్కలు ఒప్పుకున్నాయన్నావు. ఎందుకు ఒప్పుకోవు? పడవే లేనప్పుడు ఆవిడకు అక్కడ పనేముంది?

నువ్వు కీచురాయి అని రాసిన రోజు నేను షాపులో కూలబడ్డాను. వదిన వచ్చి మంచినీళ్ళు ఇచ్చింది. ఎండదెబ్బ అన్నాను.

నిన్ను తిట్టడం లేదు. నువ్వు రాసిన మాట మాత్రం నిజం, చెప్పాల్సింది నేనే. నోటిమాటగా చెబితే వదిన నమ్మదు. ఆ ముఖం చూస్తే నమ్ముతుంది. ఇంజను పొగకు, అగరొత్తుల మసికి కర్రెగా అయిపోయింది ఆ ముఖం. పడవ బయల్దేరే ప్రతిసారీ వదిన వెళ్ళి, ఎడమ చెంప మీద బొటనవేలితో ఒకసారి రుద్ది వచ్చేది. అక్కడొక్కచోట లక్క మెరుస్తూ ఉండేది. వేలు పెట్టి చూస్తే చాలు, చీకట్లో అయినా పోల్చుకుంటుంది. ఆవిడ పోల్చుకుంటే అన్నయ్యను పిలుచుకోవచ్చు. ఏడుస్తుంది, ఏడవనీ. ఆ తర్వాత అన్నయ్య ఇంట్లో ఉంటాడు.

తీసుకురా.

అక్క


తైపే
1988 జూలై 1

అక్కా,

ముఖం నేనే కడిగేశాను.

మొదటి ఉత్తరంలోనే రాశాను చూడు, అందరి ముఖాలూ కడిగేస్తానని. నువ్వు మర్చిపోయావు, లేదా కింద కీచురాయి మాట చదివాక అది బుర్రలోంచి ఎగిరిపోయింది. మందు వేసి రుద్ది, ఉత్త చెక్క తేలేదాకా రుద్దాను. ఎడమ చెంప మీద ఒకచోట లక్క గట్టిగా పట్టుకుని ఊడలేదు. అక్కడ గరుకు కాగితంతో అరగదీశాను. ఎంత బాగా పోయిందో అని అప్పుడు సంతోషించాను కూడా.

ప్రదర్శన నుంచి తీసేశాను. గ్యాలరీవాళ్ళు ఏమన్నారో గుర్తు లేదు. రెజిన్ పగలగొట్టి తల బయటికి తీశాను, ముక్కు కొస దానితోనే ఊడింది. మొండెం రెండు ముక్కలూ జిగురుతో అతికించాను. దీపం మసి పట్టించి ముఖం నల్లగా చేసి చూశాను, చూస్తే నా బొమ్మలాగే ఉంది, మళ్ళీ తుడిచేశాను. నువ్వు చెబితే ఇంకోసారి ప్రయత్నిస్తాను. నీ చేత్తో నువ్వైతే చెయ్యగలవు, అచ్చం అలాగే చెయ్యగలవు కదా అక్కా?

పోయిన ఉత్తరంలో నేను రాసిన మాటలు చించెయ్యి. తల్లిని బట్టలో చుట్టి కూరగాయల లారీ వాడికిచ్చి పంపుతున్నాను, నేను తేవడానికి ధైర్యం లేదు. అన్నయ్య నా బొమ్మ గోడకు అంటించాడని రాశాను. నేను ఆయన కోసం ఏం చేశానో చూశావా.

వదినకు నేనే వచ్చి చెప్పనా? రమ్మంటే వస్తాను. కాళ్ళ మీద పడతాను.

తెక్


లూకాంగ్
1988 ఆగస్టు 24

తమ్ముడూ,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. రాయడానికి చాలాసార్లు కూర్చున్నాను.

తల్లి చేరింది. మసి పట్టించలేదు. నాకు చేతనవును, నువ్వన్నది నిజమే, నువ్వు కడగకముందు ఉన్న ముఖంలా చెయ్యగలను. కుంచె పట్టుకున్నాను కూడా. కానీ వదిన వేలు పెట్టి వెతికే చోట నా రంగు పెట్టి, ఇదిగో నీ మొగుడు పోయాడు అని ఎలా చెప్పను? నిజాన్నే దొంగపని చేసి చూపించాలా? దించేశాను.

ఉన్నదున్నట్టు బల్ల మీద పెట్టి, మొదటి నుంచి చివరి దాకా చెప్పాను. నీ పేరుతో సహా. ఆవిడ అడ్డు రాకుండా విన్నది. తర్వాత ఎడమ చెంప మీద వేలు పెట్టింది. పైకీ కిందకీ చాలాసేపు రాసి చూసింది.

"ఇది మనది కాదు సియోక్," అంది.

కీచురాయి చూపించాను. చలికాలంలో చెక్కితే ఎవరైనా కీచురాయే పెడతారంది. నా ముళ్ళు చూపించాను. ఆ ముళ్ళు మామయ్యగారి దగ్గర నేర్చుకున్నవాళ్ళందరూ వేస్తారంది. తీగ అంటే, ఏ పడవవాడు కట్టుకోడంది. ప్రతి దానికీ సమాధానం ఉంది. కోపం లేదు, కన్నీళ్ళు లేవు. "మనదాని ముఖం నాకు తెలియదా? దీని చెంప గరుకుగా ఉంది," అని నా చెయ్యి పట్టుకుని ఓదార్చింది. నన్ను.

నేను గట్టిగా అరిచాను బున్‌తెక్. అన్నయ్య చచ్చిపోయాడు వదినా అన్నాను. ఆ మాట ఇంట్లో అదే మొదటిసారి అనడం. ఆవిడ లేచి వెళ్ళి సాయంత్రం గంజికి బియ్యం కడిగింది. అన్నయ్య గిన్నె ఎప్పటిలా బల్ల మీదకు వచ్చింది.

పెద్ద గుడి పూజారిని అడిగాను, నేను పిలవొచ్చా అని. పెళ్ళాం ఇంట్లో ఉండి గిన్నె పెడుతుంటే, బతికున్నాడంటుంటే, చెల్లెలు పిలిస్తే రాడన్నాడు. అయినా వూచీ వెళ్ళాను, చొక్కా ఊపాను, పిలిచాను. నెలవంక చెక్కలు వేసినప్పుడల్లా కాదనే పడ్డాయి. చీకటి పడేలోపు బస్సు పట్టుకుని వచ్చేశాను.

నువ్వు రాకు. నీ మీద కోపంతో కాదు. నిన్ను చూస్తే నాకు ఏడుపొస్తుంది, నేను ఏడిస్తే వదిన మళ్ళీ నన్ను ఓదారుస్తుంది. అది నేను పడలేను. నీ పని నువ్వు చేసుకో, మానెయ్యకు. ముఖాలు మాత్రం కడక్కు.

మన పంచాంగంలో ఇది ఏడో నెల కదా, దిక్కులేని ఆత్మలకు అందరూ వాకిట్లో అన్నం పెడుతున్నారు. వదిన ఆ తల్లిని పారెయ్యనివ్వలేదు. "ఎవరి పడవదో పాపం. ఈ పడవ మాత్రం మునిగింది, చూస్తే తెలుస్తోంది కదా. ఆ ఇంటామెకు కబురే అందలేదు. వాళ్ళాయనకు పెట్టేవాళ్ళు ఎవరుంటారు?" అని వాకిట్లో బల్ల వేసి, తల్లిని దాని మీద పెట్టి, రోజూ ఆ మనిషి పేరున అగరొత్తి వెలిగిస్తోంది. పేరు తెలియదు కాబట్టి "అయ్యా" అని పిలుస్తుంది. లోపల బల్ల మీద అన్నయ్య గిన్నె, బయట బల్ల మీద ఆ అయ్య గిన్నె. రెండింట్లోనూ తనే వడ్డిస్తుంది.

నిన్న బయట గిన్నె పెడుతూ ఆగింది. "ఈయనకు ఏం ఇష్టమో మనకు తెలియదు కదా సియోక్," అంది.

అల్లం ఎక్కువ వేసిన ఆలిచిప్పల చారు. పైన వేయించిన ఉల్లిపాయ.

"తెలియదు వదినా," అన్నాను.

అక్క